ఆటస్థలం ఊరికి ఏమిస్తుంది?



ఊరు పట్టణమై, పట్టణం నగరం కావాలని ఆశపడే రోజుల్లో పెద్దల నోట ఒక మాట తరచు వినిపిస్తూంటుంది. "మనకూ ఒక పెద్ద స్టేడియం ఉంటే బాగుండును. పోటీలు జరుగుతాయి, పది ఊళ్ళ వాళ్ళు వస్తారు, హోటళ్ళు నిండుతాయి, నాలుగు డబ్బులు తిరుగుతాయి" అంటారు. రాయగడలో అయినా, కోరాపుట్‌లో అయినా, జయపురంలో అయినా ఈ ఆశ సహజమైనదే. అయితే ఆటస్థలం మీద పెట్టిన పెట్టుబడి ఎక్కడ ఫలించింది, ఎక్కడ గడ్డి మొలిచింది అన్నది చరిత్రను అడిగి తెలుసుకోవడం మంచిది. ఖర్చయ్యేది ప్రజల సొమ్ము, వాడుకోవలసింది మన పిల్లలు. అందుచేత ఈవేళ ఆ సంగతులు కాస్త నెమరు వేసుకుందాం.

ముందు మన నేల సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు కోరాపుట్ జిల్లా ఏర్పడింది. అంతవరకూ ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలో విశాఖపట్నం ఏజెన్సీగా ఉండేది. 1992 అక్టోబరు 2న పాత జిల్లా నాలుగైంది. కోరాపుట్, రాయగడ, నవరంగపూర్, మల్కనగిరి అలా ఏర్పడినవే. గీతలు మారినా రాకపోకలు మారలేదు. పార్వతీపురం సంతకు వెళ్ళే బండి, సాలూరు ఘాటీ దిగే లారీ, విశాఖ ఆసుపత్రికి వెళ్ళే రోగి, అన్నీ పాత దారులే.

బయటివాళ్ళ రాకతో ఊరికి ఆదాయం రావడమన్నది మనకు కొత్త విద్యేమీ కాదు. జయపురం దసరానే తీసుకోండి. సంస్థానం నలుమూలల నుంచీ గ్రామ దేవతల లాఠీలు ఊరేగింపుగా జయపురం చేరేవి. లాఠీ వెంట ఊరు కదిలేది. ఊరు కదిలితే వెంట సంత కదిలేది. రాయగడ మజ్జిగౌరమ్మ దర్శనానికి ఇవాళ్టికీ విజయనగరం, శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి జనం రైలు దిగుతూనే ఉంటారు. కొబ్బరికాయ కొట్టిన భక్తుడు పూల దుకాణానికీ, ఆటోకీ, భోజన హోటలుకీ డబ్బు ఇచ్చి వెళతాడు. ఈ ఆదాయానికి మూలం ఎక్కడుంది? ఒకటి, ఏటేటా తప్పకుండా వచ్చే సందర్భం. రెండు, వచ్చేందుకు దారి. ఈ రెండు మాటలూ జ్ఞాపకం పెట్టుకుందాం, ముందు ముందు అక్కరకొస్తాయి.

ఆ దారి సంగతి కూడా చెప్పుకోవాలి. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ మీదుగా రాయపూర్ వెళ్ళే రైలు మార్గం 1931లో పూర్తయింది. 1933లో విశాఖ రేవు తెరిచారు. రైలూ రేవూ ఒకదానికొకటి తోడు కాబట్టే రెండూ బతికాయి. లోపలి సరుకు లేకపోతే రేవుకు పని లేదు, రేవు లేకపోతే రైలుకు బరువు లేదు. ఏ కట్టడమైనా ఒంటరిగా ఊరిని ఉద్ధరించదని ఆనాటి ఇంజనీర్లకు బాగా తెలుసు.

అదే కాలంలో జయపురం గద్దె మీదికి వచ్చినవారు విక్రమదేవ వర్మ మహారాజు. 1869లో పుట్టి 1951 వరకూ జీవించిన ఆ సాహిత్య సామ్రాట్టు తెలుగులోనూ ఒడియాలోనూ కవి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయలు ఇచ్చేందుకు ఆయన ఏర్పాటు చేశారు. వాల్తేరులో సైన్సు, సాంకేతిక విద్యా కళాశాల ఆ దానం చేయూతతోనే నిలబడింది, ఆ కళాశాలకు జయపూర్ విక్రమదేవ్ పేరే పెట్టారు. ఆయన ఒక్కసారి పెద్ద మొత్తం ఇచ్చి చేతులు దులుపుకోలేదు. ఏటా ఇచ్చారు. గోడలకు ఎంతో, జీతాలకూ ప్రయోగశాలకూ కూడా అంత అవసరమని ఆయన గ్రహించారు. ఆటస్థలం కట్టేవాళ్ళు చదువుకోవలసిన మొదటి పాఠం ఇదే.

ఇక ఆటల సంగతికి వద్దాం. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో తాలింఖానా అనే మాట తెలియని పాతతరం వాళ్ళు ఉండరు. కాస్త ఎర్రమట్టి, రెండు గదలు, నాలుగు రాతిగుండ్లు, ఒక ఆంజనేయస్వామి పటం. తాలింఖానా అంటే అంతే. ఖర్చు లేదు, గురువు మాత్రం తప్పనిసరి. ఆ సంప్రదాయంలోంచి వచ్చినవాడే వీరఘట్టం బిడ్డ కోడి రామమూర్తి నాయుడు. విజయనగరంలో కసరత్తు నేర్చి, వ్యాయామ ఉపాధ్యాయుడుగా పనిచేసి, తరువాత సర్కస్ కంపెనీ పెట్టి, కండబలాన్ని జీవనోపాధిగా మార్చిన మనిషి. కలియుగ భీముడని దేశం మెచ్చుకుంది. ఆయన సర్కస్ డేరా ఏ ఊళ్ళో దిగితే ఆ ఊళ్ళో అది తిరునాళ్ళే. ఎంతోమంది కళాకారులకూ పనివాళ్ళకూ ఆ డేరా అన్నం పెట్టింది. అంతటివాడు చివరి రోజుల్లో ఒడిశాలోని బలాంగీర్‌లో ఉండి, 1942లో అక్కడే కన్నుమూశాడు. మన రెండు రాష్ట్రాల మధ్య క్రీడా బంధుత్వం ఎంత పాతదో చూడండి.

1936లోనే, అంటే మన జిల్లా పుట్టిన ఏడే, విజయనగరం రాజవంశానికి చెందిన విజ్జీ భారత క్రికెట్ జట్టుకు నాయకుడుగా ఇంగ్లండు వెళ్ళారు. అంతకు ముందు 1930, 31 ప్రాంతంలో హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి ఇంగ్లీషు ఆటగాళ్ళను రప్పించి తన జట్టులో ఆడించారు. ఒక ప్రభువు సరదాతో నడిచిన ఆట అది. తాలింఖానా మాత్రం ఊరి చందాతో నడిచింది. ప్రభువు తరలిపోతే ఆట తరలిపోతుంది. ఊరి చందా ఉన్నంతకాలం గోదా ఉంటుంది.

స్వాతంత్ర్యం వచ్చాక మన ప్రాంతానికి పెద్ద పెట్టుబడులే వచ్చాయి. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. ఆంధ్ర, ఒడిశా రెండూ కలిసి కట్టుకున్నది అది. తొలి ఒప్పందంలో విద్యుత్తు వాటా ఆంధ్రకు 70, ఒడిశాకు 30 పాళ్ళు. తరువాత 1962 నాటికి రాయగడ దగ్గర జేకేపూర్‌లో కాగితం మిల్లు, 1960లలోనే తేరుబలిలో ఫెర్రో మిశ్రమ లోహాల కర్మాగారం, సునాబెడలో మిగ్ విమానాల ఇంజన్ల కర్మాగారం, 1980లలో దమన్‌జోడిలో అల్యూమినా శుద్ధి కర్మాగారం వెలిశాయి. ఈ పరిశ్రమలతోపాటు టౌన్‌షిప్పులు వచ్చాయి, టౌన్‌షిప్పుల్లో ఆటస్థలాలూ వచ్చాయి. అయితే ఒక చిక్కు ఉంది. కంపెనీ కాలనీ ఆటస్థలం కంపెనీ ఉద్యోగుల కుటుంబాల కోసం కట్టేది. అది న్యాయమే. కొండ దిగువ పల్లెలోని పరజా, కంధ, సవర పిల్లవాడికి అది తనదనిపించడం కష్టం. 2011 జనాభా లెక్కల్లో రాయగడ, కోరాపుట్ రెండు జిల్లాల్లోనూ సగానికి పైగా గిరిజనులే. ఈ సగం మందిని పక్కన పెట్టి కట్టే స్టేడియం, సగం గింజలే ఉన్న కంకి వంటిది.

ఇప్పుడు కాస్త పక్కకు వెళ్ళి, ఆటలతో పెరిగామని చెప్పుకునే నగరాలను పరిశీలిద్దాం. మొదట మన విశాఖ. అక్కడి మునిసిపల్ స్టేడియంలో 1988 డిసెంబరులో భారత్, న్యూజీలాండ్ వన్‌డే మ్యాచి ఆడాయి. 1996 ప్రపంచ కప్పులో ఆస్ట్రేలియా, కెన్యా జట్లు అక్కడే తలపడ్డాయి. తరువాత మధురవాడలో కొత్త స్టేడియం కట్టారు. 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్ మీద ధోనీ 148 పరుగులు చేసింది అక్కడే. 2016లో టెస్టు హోదా కూడా వచ్చింది. మధురవాడ చుట్టూ ఊరు పెరిగిన మాట నిజం. అయితే అక్కడ జాతీయ రహదారి ఉంది, పక్కనే ఐటీ కొండలున్నాయి, వెనుక రేవూ ఉక్కు కర్మాగారమూ ఉన్న మహానగరం ఉంది. పెరుగుతున్న ఊరికి స్టేడియం ఒక శోభ అయింది. స్టేడియం ఒక్కటే ఊరిని పెంచిందనుకుంటే వాపును చూసి బలుపు అనుకున్నట్టే.

హైదరాబాదు కథ ఇంకా గట్టిది. 2002 డిసెంబరులో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో ఏషియన్ క్రీడలు జరిగాయి. గచ్చిబౌలిలోనూ నగరమంతటా స్టేడియాలు, ఈతకొలనులు, ఆటగాళ్ళ వసతి భవనాలు లేచాయి. పండగ అయిపోయాక వాటిలో చాలా వాటికి రోజువారీ పని దొరకలేదు. ఆటగాళ్ళ కోసం కట్టిన ఎత్తైన భవనం 2020లో కోవిడ్ ఆసుపత్రిగా అవతారమెత్తింది. అదే గచ్చిబౌలిలో పుల్లెల గోపీచంద్ ప్రభుత్వం ఇచ్చిన స్థలంలో, ఇల్లు తాకట్టు పెట్టి, దాతల సాయం తీసుకుని 2008లో బ్యాడ్మింటన్ అకాడమీ తెరిచారు. అక్కడ తెల్లవారుజామునే శిక్షణ మొదలయ్యేది. 2012లో సైనా నెహ్వాల్ కంచు పతకం, 2016లో సింధు వెండి పతకం ఆ సాధన ఫలాలే. కొన్ని కోర్టులూ ఒక గురువూ కలిసి చేసిన పని, వేల కుర్చీలున్న గ్యాలరీలు చేయలేకపోయాయి.

దేశం దాటి చూసినా ఇదే వరస. కెనడాలోని మాంట్రియల్ నగరం 1976లో ఒలింపిక్ క్రీడలు జరిపింది. ఆ ఖర్చు తాలూకు అప్పు తీరేసరికి 2006 వచ్చింది. ముప్ఫై ఏళ్ళు! ఆట చూసిన తండ్రి చేసిన అప్పు, ఆట చూడని కొడుకు పన్నుల్లో కట్టాడన్నమాట. దీనికి భిన్నంగా స్పెయిన్‌లోని బార్సిలోనా 1992 ఒలింపిక్స్ సాకుతో సముద్రపు ఒడ్డును బాగు చేసుకుని, రోడ్లు వేసుకుని, ఆ తరువాత దశాబ్దాలపాటు యాత్రికులను ఆకర్షించింది. అక్కడ డబ్బు ఎక్కువ భాగం ఊరి సదుపాయాలకు వెళ్ళింది, ఆటలు దానికి ముహూర్తం పెట్టాయి.

ఇప్పుడు మన రాష్ట్రంలోనే, మనలాంటి కొండ ప్రాంతంలోనే ఉన్న రూర్కెలా కథ చెప్పుకుందాం. సుందర్‌గఢ్ జిల్లాలో హాకీ చాలా పాత ఆట. పల్లెల్లో వెదురు కర్రతో ఆడేవారు. ఊళ్ళ మధ్య పోటీలు పెడితే గెలిచిన జట్టుకు బహుమతి ఒక మేకపోతు. సాయంత్రం ఆ మేకే విందు. అలాంటి పల్లెల్లో ఒకటి సౌనామరా. దిలీప్ తిర్కీ ఆ ఊరివాడే. 1996, 2000, 2004 ఒలింపిక్స్‌లో ఆడి, భారత జట్టుకు నాయకుడై, 2022లో హాకీ ఇండియా అధ్యక్షుడయ్యాడు. 2021లో టోక్యోలోనూ 2024లో పారిస్‌లోనూ కంచు పతకం గెలిచిన జట్టులోని అమిత్ రోహిదాస్‌దీ ఆ ఊరే. ఈ పిల్లలను చేరదీసింది 1985లో మొదలైన పాన్‌పోష్ క్రీడా వసతి గృహం. తిండి, చదువు, శిక్షణ ఒకే కప్పు కింద పెట్టింది.

ఈ పునాది పడిన చాలా ఏళ్ళకు పెద్ద కట్టడం వచ్చింది. 2017లో భువనేశ్వర్ ఆసియా అథ్లెటిక్ పోటీలను కొద్ది నెలల వ్యవధిలో ఏర్పాటు చేసి నిర్వహించింది. 2018 నుంచి ఒడిశా ప్రభుత్వం భారత హాకీ జట్లకు పోషకురాలైంది. 2018 ప్రపంచ కప్పు భువనేశ్వర్‌లో జరిగింది. 2023 జనవరిలో ప్రపంచ కప్పు భువనేశ్వర్‌తోపాటు రూర్కెలాలో కూడా జరిగింది. అందుకోసం కట్టిన బిర్సా ముండా స్టేడియంలో 20 వేలకు పైగా కుర్చీలు. హాకీకి ప్రపంచంలోకెల్లా పెద్దదని గిన్నిస్ గుర్తింపు పొందింది. అదే నెలలో రూర్కెలాకు భువనేశ్వర్ నుంచి విమానం మొదలైంది. పోటీ అయిపోయాక తాళం వేయలేదు. 2023లోనూ 2024లోనూ అంతర్జాతీయ ప్రో లీగ్ మ్యాచులు జరిగాయి. 2024 డిసెంబరులో హాకీ ఇండియా లీగ్ పురుషుల పోటీలు కూడా అక్కడే మొదలయ్యాయి.

శ్రోతలారా, ఇక్కడ వరస గమనించండి. మొదట పల్లెలో మేకపోతు పందెం. తరువాత వసతి గృహం. తరువాత దేశానికి ఆడిన బిడ్డలు. ఆ తరువాతే 20 వేల కుర్చీలు. ఈ వరసను తలకిందులు చేసి, ముందు కుర్చీలు కట్టి తరువాత ఆటగాళ్ళను వెతికితే, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత మన మీదే చెప్పుకోవాలి.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఇది పెద్ద అర్థశాస్త్రం కాదు, ఇంటి లెక్కే. రాయగడ మనిషి మ్యాచి టిక్కెట్టుకు వంద రూపాయలు పెట్టాడనుకోండి. ఆ వంద కొత్తగా పుట్టిందా? ఆ నెల సినిమాకో, మిఠాయి దుకాణానికో వెళ్ళవలసిన వందే ఇటు తిరిగింది. ఊరి జేబులోంచి ఊరి జేబులోకే మారింది. పార్వతీపురం నుంచి వచ్చినవాడు, రాయపూర్ నుంచి వచ్చినవాడు ఖర్చు పెట్టిన రూపాయి మాత్రం ఊరికి కొత్త రూపాయి. అలాగే స్టేడియం కట్టడానికి పెట్టిన డబ్బులో సిమెంటు, ఉక్కు, కృత్రిమ పచ్చిక, దీపస్తంభాలు బయటి నుంచి వస్తాయి, కాబట్టి ఆ డబ్బు బయటికే వెళ్ళిపోతుంది. ఊళ్ళో మిగిలేది మట్టి పని కూలి, అదీ కట్టినన్నాళ్ళే. అందుకే స్టేడియాల మీద చేసిన ఖర్చు స్థానిక ఆదాయంగా తిరిగి రావడం అరుదని అనేక దేశాల ఆర్థికవేత్తలు పరిశీలించి తేల్చారు.

మరి ఆటల పెట్టుబడి దండగేనా? కాదు. లాభం వేరే తలుపులోంచి వస్తుంది. ఆ తలుపు చూపించే ఊళ్ళు మనకు దగ్గర్లోనే ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో చిన్న వ్యాయామశాలలో, నీలంశెట్టి అప్పన్న అనే గురువు దగ్గర బరువులెత్తడం నేర్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. విజయనగరం జిల్లా నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అనే పల్లె వెయిట్‌లిఫ్టర్ల ఊరుగా పేరు తెచ్చుకుంది. 2014 కామన్‌వెల్త్ క్రీడల్లో పతకం గెలిచిన మత్స సంతోషి ఆ ఊరి పిల్లే. ఇలాంటి ఊళ్ళల్లో ఆట నేర్చిన పిల్లలకు రైల్వేలో, సైన్యంలో, పోలీసు శాఖలో క్రీడా కోటా ఉద్యోగాలు దొరుకుతాయి. ఒక ఇంట్లో ఒక ఉద్యోగం వస్తే ఆ జీతం ముప్ఫై ఏళ్ళు నెలనెలా ఊళ్ళోకి వస్తుంది. ఇల్లు కడతారు, చెల్లెల్ని చదివిస్తారు, దుకాణంలో అప్పు తీరుస్తారు. పది మంది పిల్లల జీతాలు ఒక మ్యాచి రోజు గల్లా పెట్టె కంటే ఊరికి ఎక్కువ మేలు చేస్తాయి. స్టేడియం గేటు దగ్గర వెతికే ఆదాయం నిజానికి పోస్టాఫీసు మనియార్డరులో వచ్చేది, ఇప్పుడు బ్యాంకు ఖాతాలో వస్తోంది.

మన రెండు జిల్లాలకు ఇప్పుడు అవకాశాలు ఎదురుగానే ఉన్నాయి. 2021లో ఒడిశా ప్రభుత్వం పట్టణాల్లో 89 బహుళార్థక ఇండోర్ స్టేడియాలు కట్టాలని నిర్ణయించింది. తుపాను, విపత్తు వేళల్లో ఆశ్రయంగా కూడా ఉపయోగపడాలన్నది అందులోని ఆలోచన. ఇది తెలివైన ఆలోచనే, ఎందుకంటే ఏడాదిలో ఆట లేని రోజు కూడా ఆ కప్పుకు పని ఉంటుంది. 2022లో జయపురం నుంచి భువనేశ్వర్‌కు చిన్న విమానం మొదలైంది. రాయగడ రైల్వే డివిజను కోసం 2019లో ప్రకటన వచ్చింది, 2025 జనవరి 6న డివిజను భవనానికి శంకుస్థాపన జరిగింది. రైల్వే డివిజను వస్తే దానితో పాటు ఉద్యోగుల క్రీడా జట్లు, మైదానం, పోటీలు రావడం మన దేశంలో ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. ఆ మైదానం గేటు ఊరి పిల్లలకూ తెరిచి ఉండేలా మొదటి రోజే అడిగి పెట్టుకోవాలి. గోడ లేచాక అడిగితే ఆలస్యమవుతుంది.

సరిహద్దు మనకు ఇబ్బంది అంటాం. ఆటల విషయంలో అదే మన బలం. అటు 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లా, ఇటు రాయగడ, కోరాపుట్. పక్కపక్క ఊళ్ళు, ఒకే రైలు మార్గం. మాచ్‌ఖండ్ కరెంటును రెండు రాష్ట్రాలు పంచుకోగలిగినప్పుడు, ఏటా ఒక ఆటల పండగను పంచుకోవడం అంత కష్టమా? ఒక ఏడు రాయగడలో, ఒక ఏడు పార్వతీపురంలో, ఒక ఏడు జయపురంలో. చెడుగుడు, వాలీబాల్, ఫుట్‌బాల్, బరువులెత్తడం, ఏవి మన పిల్లలు ఇప్పటికే ఆడుతున్నారో అవే. మజ్జిగౌరమ్మ జాతర లాగ తేదీ తప్పకుండా జరిగితే రెండో రాష్ట్రం నుంచి వచ్చిన జట్టూ, జట్టు వెనుక వచ్చిన బంధువులూ ఊళ్ళో బస చేస్తారు, భోజనం చేస్తారు. ఇందాక చెప్పుకున్న కొత్త రూపాయి అంటే అదే. దానికి ముందు కావలసినవి శుభ్రమైన మైదానం, తాగే నీరు, ఆడపిల్లలకు బట్టలు మార్చుకునే గది, రాత్రి బసకు ఒక బడి. కుర్చీల గ్యాలరీ ఆఖర్న వచ్చినా నష్టం లేదు.

మరొక ముఖ్యమైన మాట. ఏ పట్టణంలో ఆటస్థలం మంజూరైనా మూడు ప్రశ్నలు అడిగే హక్కు మనకుంది. కట్టాక ఏటా నిర్వహణకు డబ్బు ఎవరిస్తారు? శిక్షకుడి జీతం ఎవరి పద్దు నుంచి వస్తుంది? పదిహేను మైళ్ళ దూరంలోని కొండ పల్లె పిల్ల సాయంత్రం ఆడి ఇంటికి ఎలా వెళుతుంది, లేదా ఎక్కడ పడుకుంటుంది? ఈ మూడింటికీ జవాబుంటే శంకుస్థాపనకు చప్పట్లు కొడదాం. జవాబు లేకపోతే ఆ రాయి మీద పేర్లు మాత్రమే మిగులుతాయి. పెళ్ళికి పందిరి వేసినంత సులువు కాదు కాపురం నడపడం. విక్రమదేవ వర్మ మహారాజు ఏటా లక్ష ఇవ్వడంలోని అంతరార్థం కూడా ఇదే.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రూర్కెలా మొదట తన పల్లెల్లో గెలిచింది, తరువాతే ప్రపంచాన్ని తన ముంగిటికి పిలిచింది. మన కొండల్లో కాళ్ళలో సత్తువ ఉన్న పిల్లలకు కొదవ లేదు. వాళ్ళకు ఒక గురువును, ఒక పూట గట్టి భోజనాన్ని, రాళ్ళు ఏరిన ఒక మైదానాన్ని ఇవ్వడంతో మన పెట్టుబడి మొదలు కావాలి. ఈ వేసవి సెలవుల్లో మీ ఊరి బడి మైదానంలో రాళ్ళు ఏరే పనికి యువజన సంఘం వారు నడుం కడితే అదే తొలి వాయిదా అవుతుంది.